కప్ప కీటకమట!

పశువుల డాక్టరు కావాలంటే మార్కులుండాలి. మామూలు మార్కులు కావు, నీట్ మార్కులు. 720కి ఎన్నొచ్చాయో చూశాకే గేదెను ముట్టనిస్తారు. సరే, వడపోత ఉండాల్సిందే. మరి జల్లెడ పట్టుకున్న దొరల సంగతేమిటి?

2024 నీట్ సిలబస్ తీసి చూడండి. జాతీయ వైద్య కమిషన్ వారి నిర్వాకం. జువాలజీలో కీటకం అని రాసి, పక్కనే బ్రాకెట్లో కప్ప అని అచ్చేశారు. కప్ప కీటకమట! బడిపిల్లాడు ఇలా రాస్తే టీచరు చెవి మెలేస్తాడు. వీళ్ల చెవి ఎవరు మెలేయాలి?

ఇంకో ఘనకార్యం వినండి. పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో పశుపోషణ పాఠం ఉండేది. పాడి, కోళ్లు, చేపలు, తేనెటీగలు అన్నీ అందులోనే. పిల్లలకు బరువైపోయిందని కత్తిరించారు. నీట్ నుంచీ లేపేశారు. అంటే పశువైద్యుణ్ని ఎంచే పరీక్షలో పశుపోషణ లేదు! ఇందులో మార్కులు తగ్గిన పిల్లాడు మాత్రం పనికిరానివాడు.

పశువైద్య సీట్లలో రైతు కోటా ఉందిగా అంటారు. ఉంది. భూమి కాగితం పట్టుకురావాలి. గొర్లకాపరి ఇంటి పిల్లకు సెంటు భూమి లేదనుకోండి. ఈనలేక గిలగిల్లాడే గొర్రెకు అడ్డం తిరిగిన పిల్లను సరిచేసి బయటికి తీసిన చెయ్యి ఆమెది అనుకోండి. ఆ నేర్పును ఏ కాలమ్‌లో నింపాలి సారూ? మందకు పాస్‌బుక్కు ఇవ్వరు కదా!

తక్కువ మార్కుల మీద ఏలినవారికి బొత్తిగా దయ లేదనకండి, పాపం. 2023లో వైద్య పీజీ సీట్లు మిగిలిపోతే కటాఫ్‌ను ఏకంగా సున్నా పర్సంటైల్‌కు దించేశారు. ప్రతిభ అప్పుడు ఏ గంగలో కలిసింది? ఖాళీ కుర్చీ ఫీజు కట్టదు. అదీ అసలు సిలబస్.

పోనీ, ఇంత వడపోసి తెచ్చుకున్న బంగారుకొండల్ని ఏం చేశారు? గరివిడి పశువైద్య కళాశాల విద్యార్థులు తమ కాలేజీకి గుర్తింపు తెప్పించండి మహాప్రభో అని 2025లో రోడ్డెక్కారు. ర్యాంకు పిల్లలకట, గుర్తింపు కాలేజీకి అక్కర్లేదట! నెలకు 7,000 స్టైపెండ్ చాలదని పశువైద్య విద్యార్థులు సమ్మెకు దిగిందీ ఆ ఏడాదే.

ఇక తెలంగాణలో గొర్రెల పంపిణీ పథకం సంగతి. యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు. కాగ్ తవ్వితే జీవాలు బైకుల మీదా, అంబులెన్సుల్లోనూ ఊరేగినట్టు బిల్లులు బయటపడ్డాయి. చచ్చినవాళ్ల పేరునా గొర్రెలు అందాయి. బైకు మీద ఎలా సర్దారో? హ్యాండిల్ పట్టింది పొట్టేలా? ఆ బిల్లుకు సంతకం గీకిన సారుకు ఏ ఎంట్రెన్సులో ఎన్ని మార్కులొచ్చాయో ఎవరైనా అడిగారా?