మా సాక్షి గణపతి చిన్నాయన

శ్రీశైలం కొండమీద సత్రాలకు కొదవ లేదు. కరివేన సత్రం, వాసవీ సత్రం, రెడ్ల సత్రం అంటూ కులానికొకటి చొప్పున ఉన్నాయి. సత్రమన్నాక కమిటీ ఉంటుంది. కమిటీ అన్నాక అందులో మా చిన్నాయన ఉంటాడు. మీ కమిటీలో ఆయన పేరు వేరే కావచ్చు, మనిషి మాత్రం ఆయనే.

కొండెక్కే దారిలో సాక్షి గణపతిని చూసే ఉంటారు. ఒక చేతిలో కలం, ఇంకో చేతిలో పుస్తకం. వచ్చినవాళ్ల పేరూ గోత్రమూ రాసుకుంటాడే తప్ప నోరు తెరిచి ఎవర్నీ ఏమీ అడగడు. చిన్నాయనా అంతే. జేబులో పెన్ను, చంకలో విరాళాల రశీదు బుక్కు. అందులో యాభై ఆకులుంటే ఇన్నేళ్లకు చిరిగినవి నాలుగు. ఒకటి తన పేరున, ఒకటి చిన్నమ్మ పేరున, ఒకటి ఇంకా మాటలు రాని మనవడి పేరున, నాలుగోది ఎప్పుడో పోయిన మా జేజినాయన పేరున.

పనికి వెనకాడే మనిషని మాత్రం అనకూడదు. శివరాత్రికి వారం ముందే కొండమీద దిగిపోతాడు. సాంబారు గుండిగ దగ్గర నిలబడి ఉప్పు చూస్తాడు, బంతిలో తనే వడ్డిస్తాడు. ఉగాదికి నల్లమల అడవిలో పడి నడిచొచ్చే కన్నడ భక్తులకు వేడినీళ్లు కాయిస్తాడు. ఏటా కేసీ కాలువ కింద కోతలవగానే సోనా బియ్యం మూటలు సత్రంలో దించి, రశీదు వద్దంటాడు. రాస్తే పైయేడు ఎవరైనా "ఈసారి ఎన్ని మూటలు?" అని అడుగుతారట. అడగడమే కాదు, అడిగించుకోవడమూ ఆయనకు గిట్టదు. దాతల పేర్లు చెక్కే గ్రానైటు పలక మీద అక్షరాలకు బంగారు రంగా, తెల్ల రంగా అన్న చర్చతో రెండు మీటింగులు మింగేశాడు. ఆ పలక మీదికి ఒక్క పేరు తెమ్మంటే మాత్రం గడియారం చూస్తాడు.

"రాత్రి తొమ్మిదికి దోర్నాల గేటేస్తారప్పా, నేను బయల్దేరతా."

మీటింగు మొదలయ్యేది పొద్దున పదకొండుకు.

సత్రానికి డబ్బు అవసరం లేక కాదు. వెనకటికి పెద్దవాళ్లు వెయ్యిన్నూటపదహార్లు కట్టి, ఏటా ఫలానా తిథినాడు మా నాయన పేరిట అన్నం పెట్టండని శాశ్వత అన్నదానం రాయించుకున్నారు. ఆ 1,116 రూపాయల మీద ఏడు శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 78 రూపాయలు. దాంతో ఒక మనిషికి కడుపునిండా పెట్టడమే కష్టం. తిథి మాత్రం ఏటా ఠంచనుగా వస్తుంది, శాశ్వతం కదా! ఆ కుటుంబాలకు ఫోన్ చేసి డిపాజిట్టు పెంచమని అడగండని మా ప్రెసిడెంటు, రిటైరైన బ్యాంకు మేనేజరు, ఒక జాబితా చేతికిచ్చాడు. చిన్నాయన కళ్లజోడు పెట్టుకుని సాంతం చదివి, "వీళ్లంతా పోయినారు గదప్పా" అన్నాడు.

"వాళ్ల పిల్లల్ని అడగమనే కదన్నా!"

"నాయన పోయిన ఇంటికి ఫోన్ జేసి దుడ్లడిగితే బాగుంటాదా?"

ఆ నాయన పోయి ముప్పయ్యేళ్లు.

చట్టాలు కూడా ఆయనకు బాగా తెలుసు, తప్పించుకోవడానికి పనికొచ్చినంత వరకు. నగదు రెండు వేలు దాటితే 80జీ మినహాయింపు రాదు కాబట్టి నగదు అడగకూడదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు 80జీ అసలే లేదు కాబట్టి చెక్కూ అడగకూడదు.

ఒకసారి ప్రెసిడెంటు ఆయన్ను వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు బయల్దేరాడు. కారు నాది కాబట్టి నేనూ ఉన్నాను. బంగారు అంగళ్ల వీధిలో తెలిసిన ఆసామి, మర్యాదస్తుడు, కాఫీ తెప్పించాడు. చిన్నాయన అందుకున్నాడు. ద్వాదశ జ్యోతిర్లింగాల్లో మల్లన్న, అష్టాదశ శక్తిపీఠాల్లో భ్రమరాంబ, సత్రానికి బోరు వేసినప్పుడు నీళ్లు పడని వైనం, వంటమనిషి మోకాళ్ల నొప్పులు. కాఫీ గ్లాసులు ఎండిపోయాయి. గొలుసు చూడ్డానికొచ్చిన ఇద్దరాడవాళ్లు లేచిపోయారు. చివరికి ఆసామే సొరుగు లాగి చెక్కుబుక్కు తీసి, "సరేన్నా, ఎంత రాయమంటావు?" అన్నాడు. ప్రెసిడెంటు కుర్చీ అంచుకు జరిగాడు. చిన్నాయన ముందుకు వంగి ఆసామి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమిటికన్నా ఇప్పుడు తొందర? మేమేమన్నా దుడ్ల కోసమొచ్చినామా? నిన్ను చూసి పోదామని వచ్చినాం."

చెక్కుబుక్కు సొరుగులోకి పోయింది. మైదుకూరు దాకా కార్లో ఎవరూ మాట్లాడలేదు. అక్కడ టీ తాగుతూ ప్రెసిడెంటు అన్నాడు: "అన్నా, మనం దుడ్ల కోసమే పోయినాం."

డాలస్‌లో ఉండే మా తమ్ముడు సెలవుల్లో వచ్చి, అమెరికా ట్రస్టు బోర్డుల్లో ఒక మాట ఉందని మీటింగులో చెప్పాడు. మెంబరైతే ఇవ్వు, లేదా తీసుకురా, రెండూ కాకుంటే దిగిపో. "కొండెక్కినోడు దిగక తప్పుతాదా?" అన్నాడు చిన్నాయన. అందరూ నవ్వారు, విరాళాల అంశం పై మీటింగుకు వాయిదా పడింది. ప్రెసిడెంటు వదల్లేదు. "అనవేమారెడ్డి కట్టించిన వీరశిరోమండపంలో భక్తులు తలకాయలే కోసిచ్చినారు. మీరొక ఫోన్ చేయలేరా?" అన్నాడు. దానికీ సిద్ధంగా ఉంది జవాబు. "1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి కడుపు నింపినాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపించె. ఆయప్ప ఎవుర్నన్నా చందా అడిగినాడా?"

"ఆయనకు గాదెలున్నాయన్నా. మనకు బ్యాంకు లోనుంది."

నిజానికి చిన్నాయన మాటలో నాకు కొంత న్యాయం కనిపిస్తుంది. పెట్టిన చెయ్యి చాచాలంటే మా సీమలో ప్రాణం పోయినంత పని. నేనైనా అంతే, నా దగ్గర అప్పు తీసుకున్నవాడు ఎదురైతే సందు మారి పోయేది నేనే.

మొన్న ఆళ్లగడ్డలో పెళ్లికి పోయాం. భోజనాలయ్యాక చిన్నాయన కునుకు తీస్తుంటే చిన్నమ్మ ఆయన సంచిలోంచి రశీదు బుక్కు తీసి ఆడవాళ్ల మధ్యన కూర్చుంది. "మీ అత్త చేతి అన్నం తిననోళ్లున్నారా ఊళ్లో? ఆమె పేరున ఒక తిథి రాయించుకో తల్లీ" అని ఒకామెతో. "నీ కొడుక్కి ఉద్యోగమొచ్చిందంట, మల్లన్నకు చెప్పినావా లేదా?" అని ఇంకొకామెతో. అడిగినట్టే లేదు, గుర్తుచేసినట్టుంది. తాంబూలాలు పంచే వేళకు నలభై ఆరాకులూ చిరిగాయి.

బుక్కు ఎవరి పేరున ఉంటే శాలువా వాళ్లకు. కమిటీ చిన్నాయనకు కప్పింది. ఆయన మైకందుకుని "అడగాలప్పా, అడిగితే లేదనేవాళ్లు ఎవురూ ఉండరు" అని మొదలుపెట్టి, ఎట్లా అడగాలో, ఎప్పుడు అడగాలో, ఏ మొహం పెట్టి అడగాలో వివరిస్తూ పోయాడు. ప్రెసిడెంటు కళ్లు మూసుకుని విన్నాడు. చిన్నమ్మ నా పక్కకు జరిగి చెవిలో అడిగింది.

"ఆ ప్రొద్దుటూరాయన అంగడి యాడుంది అబ్బీ? రేపు బండి తీస్తావా?"