ఎప్పటిదాక మంచిగుండె?

బతుకమ్మ పండక్కి పోచంపల్లి వచ్చానన్న మాటే గానీ, మూడు రోజులుగా ల్యాప్‌టాప్ ముందు నుంచి లేచింది లేదు. మేం వాడే, డేటాను కుదించే లైబ్రరీ ఒకటి కొత్త వెర్షన్‌లో 12 శాతం నెమ్మదించింది. ఫైళ్లు పాడవడం లేదు, ఎర్రర్ రావడం లేదు. నిదానమైంది, అంతే. ఇలాంటి జబ్బునే పట్టుకోవడం కష్టం.

"ఏం పోయిందిరా దాంట్ల?" అడిగింది అమ్మ, ఆసు పోస్తూనే.

ఆసు అంటే ఒక కొసన ఒంటి మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా మేకుల వరుస. వాటి మధ్య దారం పట్టుకుని చెయ్యి తిరుగుతూనే ఉండాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు. తల్లి భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు, తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. మా ఇంట్లోనూ ఆ యంత్రం ఉండేది. కనబడక అడిగితే "రిపేరుకిచ్చినం" అంది అమ్మ. ఉగాదికి వచ్చినప్పుడూ అదే మాట.

నిదానం కావడం చిన్న సంగతి కాదని ఆమెకు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ కథ చెప్పాను. 2024 మార్చిలో, దూరాన ఉన్న కంప్యూటర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని ఆయన వెతకడం మొదలుపెట్టాడు. వెతగ్గా వెతగ్గా ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దాచిన దొంగదారి బయటపడింది. ఇంకొన్నాళ్లు ఆగితే లోకంలో లెక్కలేనన్ని సర్వర్లలోకి చేరిపోయేది.

"అర సెకను కోసం గంత దేవులాడిండా!"

"అవునమ్మా. ఎప్పటిదాక మంచిగుండె, ఎప్పటి నుంచి పాడైంది, ఈ రెండూ తెలిస్తే చాలు. మధ్యలో 500 మార్పులున్నా సరే, సరిగ్గా నడిమిదాన్ని తీసి చూస్తా. అక్కడ మంచిగుంటే తప్పు తర్వాతి సగంలో ఉన్నట్టు. అట్లా సగం సగం చేసుకుంటూ పోతే తొమ్మిదిసార్లలో దొరుకుతది."

ఆ రాత్రి దొరికింది. బైట్లను కాపీ చేసే లూపులో ఎవరో ఒక చిన్న తనిఖీ చేర్చారు. ఒక్కసారికైతే దాని బరువు తెలియనే తెలియదు. కోట్లసార్లు తిరిగేసరికి 12 శాతమైంది.

తెల్లారి లేచేసరికి అమ్మ ఆసు ముందే ఉంది. నాలుగు వరుసలకోసారి చెయ్యి ఆపి, నువ్వుల నూనె రాసుకున్న భుజాన్ని అదుముకుంటోంది. యంత్రం మీద రోజుకు ఐదారు చీరలకు పోసే మనిషి. ఇప్పుడు రెండు చీరలకు పోసేసరికి పొద్దుగూకుతోంది.

"అమ్మా, యంత్రం నిరుడు దసరాకు ఉండెనా?"

"ఉండె."

"సంక్రాంతికి?"

"లేదు."

"కార్తీక పున్నానికి?"

"ఉండె... ఇగ చాలు తియ్యిరా."

"మరి డిసెంబర్‌ల?"

అమ్మ దారం తెగింది. ముడి వేసుకుంటూ తల వంచుకుంది.

గుంట మగ్గంలోంచి నాయిన జవాబిచ్చాడు. "నీకు ఆ ల్యాప్‌టాప్ ఎన్నడు కొన్నమో యాదికున్నదా? దానికి ముందురోజు దాక ఉండె."