నాలుగు చేతుల మాస్టారు

ఒక్కరి కోసం రాసిన పియానో రచనను ఇద్దరికి పంచిపెట్టే మాస్టారు యూరప్ సంగీత బడుల్లో వార్షికోత్సవం ముందు తప్పక కనబడతాడు. శిష్యులు ఎక్కువ, కచేరీకి దొరికిన సమయం తక్కువ. అతని కళకు మూలం అదే.

అతని కన్ను ముందు బీథోవెన్ ‘ఫ్యూర్ ఎలీజ్’ మీద పడుతుంది. 1810లో రాసిన ఈ చిన్న రచన 1867 దాకా అచ్చు కాలేదు. ఆ తర్వాత మాస్టార్లు దాన్ని వదల్లేదు. మూలంలో ఎడమచేయి కింది నుంచి మూడు స్వరాలు పలికించగానే కుడిచేయి అందుకుని పైకి పోతుంది. చేతులు రెండూ ఒకరివే కాబట్టి చిక్కులేదు. ఇద్దరికి పంచాక మాత్రం ఒకరు ముందే అందుకుంటారు, ఇంకొకరు ఆలస్యంగా అందిస్తారు.

కుడివైపు కూర్చునేది ప్రీమో, ఎడమవైపు సెకొండో. బాణీ ప్రీమోది, కింది స్వరాలతో పాటు పెడల్ కూడా సెకొండోది. అంటే పాట ఒకరిది, కాలు ఇంకొకరిది. ఎవరికి ఏ పక్క అన్నది, పాపం, సంగీతాన్ని బట్టి తేలదు. ఎవరి అమ్మ ముందు వరసలో కూర్చుంటుందో చూసి మాస్టారే తేలుస్తాడు.

రెండు చేతుల సరుకు నాలుగు చేతులకు చాలదు. పైన ఒక ఆక్టేవ్, కింద ఒక ఆక్టేవ్ కలుపుతాడు. అదీ చాలకపోతే మధ్యలో సొంత బాణీ ఒకటి దూరుస్తాడు. రిహార్సల్లో మోచేతులు గుద్దుకుంటాయి: 88 మెట్లుండగా ఇద్దరికీ ఒకే మెట్టు కావాలి. “కాస్త జరిగి కూర్చోండమ్మా” అంటాడే తప్ప, రాసిన కాగితం మాత్రం దిద్దడు.

ఎవరైనా నిలదీస్తే స్వరకర్త గ్రీగ్ పేరు చెబుతాడు. 1870ల్లో గ్రీగ్ మొజార్ట్ సొనాటాలు కొన్నిటికి రెండో పియానో రాసిన మాట నిజమే. అయితే మొజార్ట్ రాసింది రాసినట్టే ఉంచి, పక్కన ఇంకో పియానో వేయించాడు. అక్కడ మోచేతుల తగాదా లేదు. ఈ సంగతి మాస్టారు ఎత్తడు.

నాలుగు చేతుల కోసమే బీథోవెన్ రాసిన సొనాటా ఒకటుంది: ఓపస్ 6, 1797లో అచ్చయింది, పెద్ద కష్టమూ కాదు. మాస్టారు దాని జోలికి పోడు. అందులో అరేంజర్ పేరు వేసుకునే చోటు లేదు.