రంగు లేని తీగ

ఎనభై రూపాయలు మిగిలాయని నేను మురిసిపోయిన రోజు ఒకటుంది. ఆ ముచ్చట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు సగం తెలుసు. మిగతా సగం ఇది చదివి తెలుసుకుంటుంది.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరైనవాణ్ని. గురజాల వైపు కొన్నేళ్లు, సత్తెనపల్లి వైపు కొన్నేళ్లు తిరిగి చివరికి పేటకు చేరాను. పేట అంటే నరసరావుపేట. చిలకలూరిపేట వాళ్లు ఒప్పుకోరు, అది వాళ్లిష్టం. రిటైర్మెంటు డబ్బుల్లో కొంత తీసి ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాను. స్టీరియో కంపెనీ నుంచే బిగించి వచ్చింది. రేడియో పలుకుతుంది, సీడీ మింగుతుంది, కింద మూలన ఏయూఎక్స్ అని రాసి చెవిపోగు దూరేంత కన్నం ఒకటుంది. ఆ కన్నం దేనికో తెలుసుకున్న రోజు నుంచే నాకు శని పట్టింది.

ఇది 2015 మాట. అమెరికాలో ఉన్న మా అబ్బాయి సెలవులకొచ్చి, తను వాడటం మానేసిన ఐపాడ్ నాకిచ్చి వెళ్లాడు. 160 జీబీల క్లాసిక్. ఆపిల్ వాళ్లు అప్పటికే ఆ రకం తయారీ మానుకున్నారు. 2022 మే నెలలో ఐపాడ్ అన్న సరుకే ఆపేస్తున్నట్టు ప్రకటించారు. వాడు అందులో ఘంటసాల పాటలు, పద్యాలు నింపాడు. మా ఇంట్లోని పాత క్యాసెట్ల నుంచి కాటి సీను కూడా ఎక్కించాడు. కాటి సీను సంగతి ఈ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలోకి జాషువా శ్మశానవాటిక పద్యాలు వచ్చి చేరాయి, ఇక విడిపోలేదు. జాషువాది వినుకొండ, అంటే మా పల్నాడే. ఆ పద్యాలు కారులో, అద్దాలెత్తుకుని, నరసరావుపేట నుంచి మాచర్ల దాకా వినాలని నా కోరిక. ఇంతకన్నా పెద్ద ఆశలేవీ లేవు.

మొదట ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ కొన్నాను. సిగరెట్ లైటర్ కన్నంలో గుచ్చితే అది ఐపాడ్ పాటను బుల్లి రేడియో స్టేషనులా గాలిలోకి వదులుతుంది, కారు రేడియో దాన్ని అందుకుంటుంది. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టుకోమన్నాడు షాపువాడు. పేటలో తిప్పి చూస్తే 98.3 దగ్గర ఒట్టి గరగర. అక్కడే పెట్టాను. కోటప్పకొండ దాకా వెళ్లొచ్చాం, స్వామి దయవల్ల గంధర్వగానం. ఆ ధైర్యంతో విజయవాడ బయల్దేరితే, మంగళగిరి దాటీ దాటగానే ఘంటసాలను పక్కకు నెట్టి ఎవరో అమ్మాయి గలగలా మాట్లాడటం మొదలెట్టింది. విజయవాడలో 98.3 రేడియో మిర్చిది. మిరపకాయలు పండే నేల మీద పుట్టి మిర్చి దెబ్బ తిన్నవాణ్ని నేనే.

ఇక మిగిలింది ఆ కన్నం. రెండు వైపులా పిన్ను ఉన్న కేబులొకటి కొని, ఒక కొస ఐపాడ్‌లో, ఇంకో కొస కారులో గుచ్చాలి. అంతే పని. షాపులో అడిగితే ఎనభై అన్నాడు. మూరెడు తీగకు ఎనభయ్యా అనుకున్నాను. ఇంట్లో డ్రాయరు నిండా చచ్చిన ఇయర్‌ఫోన్లున్నాయి. రెండిటి పిన్నులు కోసి కలిపేస్తే కేబులే కదా. ముప్పై ఏళ్లకు పైగా ఓమ్ సూత్రం చెప్పినవాడు తీగ కొనుక్కోవడమేమిటన్న పొగరు కూడా కాస్త ఉంది.

బ్లేడుతో ఇయర్‌ఫోన్ తీగ చీల్చాను. లోపల వెంట్రుకలకన్నా సన్నని పోగులు: ఎర్రవి, ఆకుపచ్చవి, ఏ రంగూ లేకుండా రాగిలా మెరిసేవి. పోగుల మీద సన్నటి పూత ఉంటుంది, అగ్గిపుల్లతో కాల్చితే గానీ కరెంటు ఎక్కదు. ఆ సంగతి నాకు తెలుసు, కాల్చాను. ఎరుపుకు ఎరుపు, ఆకుపచ్చకు ఆకుపచ్చ మెలితిప్పాను. మిగిలింది రాగి. నా బుర్ర ఏమని లెక్కేసిందంటే: స్పీకర్లు కుడి ఒకటి, ఎడమ ఒకటి. రెండు స్పీకర్లకు రెండు తీగలు. ఇక ఈ రంగు లేనిది దేనికి? తీగకు గట్టిదనం కోసం వేసి ఉంటారు. అది అడ్డమొస్తోందని మా ఆవిడ కుట్టు కత్తెర తీసుకుని రెండు పక్కలా సాపుగా కత్తిరించేశాను. పైన నల్ల టేపు చుట్టాను. చూడటానికి భేషుగ్గా ఉంది.

గేటు ముందు కారులో కూర్చుని కొత్త సినిమా పాటొకటి పెట్టాను. వయొలిన్లు వచ్చాయి, కోరస్ వచ్చింది. పాడే మనిషి మాత్రం ఎక్కడో నూతిలో ఉన్నట్టున్నాడు. ఈ కాలపు పాటలింతే, మాట వినపడదు అనుకున్నాను. ఘంటసాల పాట పెట్టాను. ఏమీ లేదు. చెవి ఆనిస్తే దుప్పటి ముసుగేసుకుని ఎవరో గొణుగుతున్నట్టు. కాటి సీనూ అంతే. ఛార్జింగ్ తక్కువుందేమోనని లైటర్ కన్నంలో ఛార్జర్ గుచ్చి ఐపాడ్‌కు తగిలించాను. ఖంగుమని ఘంటసాల! తీశాను, గొంతు పోయింది. మళ్లీ పెట్టాను, వచ్చింది. మూడుసార్లు చేశాను. పరిశీలన, పరికల్పన, ప్రయోగం, నిర్ధారణ అన్నీ అయ్యాయి. పాత రికార్డింగులకు కరెంటు ఎక్కువ కావాలి అని మా ఆవిడకు పాఠం చెప్పాను. ఆవిడ తలూపింది. ముప్పై ఐదేళ్లుగా ఊపుతూనే ఉంది.

అబ్బాయికి ఫోన్లో చెబితే, "కేబుల్ మార్చి చూడు నాన్నా" అన్నాడు. నాకు రోషమొచ్చింది. నేను చేసిన కేబుల్‌కు వంక పెడతాడా!

తర్వాతి వారం మాచర్లలో మా బంధువుల ఇంట్లో తాంబూలాలు. పదిన్నరకు ముహూర్తం. వెనక సీట్లో మా బావమరిది. ఇంజను ఆన్ చేశానో లేదో ఘంటసాల వెనకాల ఒక ఈల మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే ఈల పైకెక్కుతుంది, వదిలితే దిగుతుంది. అచ్చం పెళ్లిళ్లలో సన్నాయి శ్రుతి చూసుకుంటున్నట్టు. "ఏంది బావా, కాటి సీన్లో ఎవరో ఈలేస్తన్నారు?" అన్నాడు. ఛార్జర్ పీకితే ఈలా పోయింది, హరిశ్చంద్రుడూ పోయాడు. మళ్లీ పెట్టాను. అప్పుడు నాకో మహత్తరమైన ఉపాయం తట్టింది: నిదానంగా పోతే ఈల తగ్గుతుంది కదా!

పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర లారీలు మమ్మల్ని దాటుకుని పోయాయి. గురజాల దగ్గర ట్రాక్టరు దాటింది. రెంటచింతల ఎండ గురించి రాష్ట్రమంతా ఎరుగును, అక్కడ ఏసీ వేస్తే ఇంజను వేగం పెరిగి ఈల హెచ్చుతోందని ఏసీ కూడా ఆపేయించాను. మా ఆవిడ చెంగుతో విసురుకుంటూ, "ఏమండీ, పాట ఆపేసి ఏసీ వేసుకుందామా?" అని ఒక్కసారే అడిగింది. నేను పలకలేదు. మాచర్ల చేరేసరికి తాంబూలాలు మార్చుకోవడం అయిపోయింది. వడ్డన రెండో బంతి నడుస్తోంది.

తిరుగు ప్రయాణంలో బావమరిదే పట్టుబట్టి ఒక ఆటో ఎలక్ట్రీషియన్ కొట్టు ముందు ఆపించాడు. లోపలి నుంచి వచ్చిన కుర్రాడు నన్ను చూసి చేతులు తుడుచుకుని, "మాస్టారూ, బాగుండారా?" అన్నాడు. గురజాల స్కూల్లో నా దగ్గర చదివినవాడు. ఐపాడ్ చూశాడు, ఛార్జర్ పీకి చూశాడు, నా కేబుల్ చేతిలోకి తీసుకుని టేపు విప్పాడు. ఎరుపు, ఆకుపచ్చ ముడులు. పక్కనే కత్తెరతో కోసిన రాగి కొసలు, గీత గీసినట్టు సమానంగా. వాటిని వేలి కొసతో తాకి, ఒక్క క్షణం నా మొహం చూశాడు.

అప్పుడు వెలిగింది నాకు. వాడేమీ చెప్పక ముందే వెలిగింది. కుడి తీగలో పోయిన కరెంటూ, ఎడమ తీగలో పోయిన కరెంటూ తిరిగి రావడానికి ఉన్న ఒకే దారి ఆ రాగి తీగ. మెకానిక్కులు ఎర్తు అనేది దాన్నే. అది లేకపోతే కుడిది ఎడమ నుంచి, ఎడమది కుడి నుంచి తిరిగి రావాలి. రెండిటిలోనూ సమానంగా ఉన్నది తాడులాటలో సరిజోడు జట్లలాగా ఎటూ కదలదు. కదిలేది రెండిటికీ ఉన్న తేడా మాత్రమే. స్టీరియో పాటల్లో గాయకుడి గొంతును నడిమధ్యన, రెండు పక్కలా సమంగా పెడతారు కనుక గొంతు పోయి వయొలిన్లు మిగిలాయి. ఘంటసాల 1974లోనే వెళ్లిపోయారు. ఆయన సినిమా పాటలు దాదాపు అన్నీ మోనోవి, కుడీ ఎడమా ఒకటే. తేడా సున్నా, పాట సున్నా. ఛార్జర్ పెట్టగానే కారు బాడీ మీదుగా దానికో దొడ్డిదారి దొరికింది. ఆ దారిలోనే కారు ఆల్టర్నేటర్ రొద కూడా ఎక్కి వచ్చింది, అదే ఈల.

ఎనిమిదో తరగతి పిల్లలకు సెల్లు, బల్బు, రెండు తీగలు బల్ల మీద పెట్టి నేను చెప్పే మొదటి మాట ఇదే. ఈ కుర్రాడి రికార్డులో వలయం బొమ్మకు తిరుగు తీగ కలపలేదని ఎర్రసిరాతో సున్నా చుట్టిన గుర్తు. వాడికది గుర్తుందో లేదో నేనడగలేదు.

వాడు మాత్రం కారులో ఉన్న మా ఆవిడకు, బావమరిదికి వినపడేట్టు, "పాత వైరు గదా మాస్టారూ, లోపల ఎర్తు తెగిపోయింది" అన్నాడు. డ్రాయరులోంచి కొత్త కేబుల్ తీసి, టిక్కుమనేదాకా నొక్కి గుచ్చాడు. ఛార్జర్ పక్కన పెట్టి, "ఛార్జింగు ఇంట్లోనే పెట్టుకోండి, రెండూ కలిస్తే కొంచెం ఈల వస్తది" అన్నాడు. హరిశ్చంద్రుడు కాట్లో నిలబడి నిండు గొంతుతో రాగం అందుకున్నాడు. కొట్టు ముందు ఇద్దరు ముగ్గురు ఆగి విన్నారు. డబ్బులు వద్దన్నాడు, నేను వినలేదు, ఎనభై బల్ల మీద పెట్టి వచ్చాను. అవునవును, తెగిపోయింది, పాత వైరు అని నేనూ వంత పాడాను. ఏసీ వేసుకుని ఇల్లు చేరాం.

నాయనా, నువ్వు ఎక్కడన్నా ఇది చదివితే విను. ఆ తీగ తెగలేదు. కత్తెర పట్టుకుంది నేనే.