మైకు వరం

మన సంఘాల్లో పరిశుద్ధాత్ముడు వరాలు పంచే ముందు సౌండ్ సిస్టమ్ వాట్లు కనుక్కుంటాడేమోనని నా అనుమానం. లేకపోతే దిగొచ్చే వరాలన్నీ మైకు పట్టుకునేవే ఎలా అవుతాయి? ప్రవచనం, స్వస్థత, భాషలు. గిరాకీ అంతా వీటికే. ఉపవాస ప్రార్థనలో మోకాళ్లూని, "ప్రభువా, నాకు చాపలు దులిపే వరం దయచేయుము" అని ఏడ్చినవాణ్ణి ఇంతవరకూ చూడలేదు.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో పౌలు వరుస కట్టి మరీ చెప్పాడు. ఉపకారాలు చేసేవాళ్లు, వ్యవహారాలు నడిపేవాళ్లు ముందు, భాషలు మాట్లాడేవాళ్లు అందరికన్నా చివర. రెండధ్యాయాలు దాటాక ఇంకా కటువు: భాషల్లో మాట్లాడితే ఇద్దరు, మహా అయితే ముగ్గురు, అదీ ఒకరి తర్వాత ఒకరు. అర్థం చెప్పేవాడు లేకపోతే సంఘంలో మౌనం. మన శుక్రవారం కూడికలో పౌలు వెనక వరసలో కూర్చుని ఉంటే ఏమయ్యేవాడో! హాలు మొత్తం ఒక్కసారే అందుకుంటుంది. అర్థం చెప్పేవాడు ఎప్పుడూ సెలవులోనే ఉంటాడు. కీబోర్డు తమ్ముడు మాత్రం ఏ భాషకైనా స్వరం కలిపేస్తాడు.

ఇక సెంటర్లో స్వస్థత కూటాల ఫ్లెక్సీ. ప్రవక్తగారు నిలువెత్తున, సిలువ ఓ మూలన వేలెడంత. రెండో రాత్రి ఆయన కళ్లు మూసుకుని, "ఇక్కడొక సహోదరికి ఎడమ మోకాలి నొప్పి" అంటారు. నడివయసు దాటిన ఆడవాళ్లు నాలుగు వందల మంది నేలమీద కూర్చున్నచోట ఆ మాత్రం ప్రత్యక్షత మా ఊరి ఆర్ఎంపీకీ కలుగుతుంది. "ఒక తమ్ముడికి వీసా తలుపు తెరుచుకుంటోంది" అనగానే ఎంటెక్ కుర్రాళ్లందరూ ఆమెన్. ఇన్ని మర్మాలు ఎరిగినాయనకు జనరేటర్లో డీజిల్ అయిపోవస్తోందని మాత్రం బయలుపడలేదు.

చదువుకున్నవాళ్ల సంఘాల్లో పద్ధతి వేరు. అక్కడ వరాన్ని పరీక్ష పెట్టి కనుక్కుంటారు. అమెరికాలో పీటర్ వాగ్నర్ అనే క్రైస్తవ బోధకుడు 1979లో 27 వరాల జాబితాతో పుస్తకం రాశాడు. ఆ తరహా ప్రశ్నపత్రాలే ఇప్పుడు మన యూత్ రిట్రీట్లలోనూ పంచుతున్నారు. అందరూ నింపాక చూస్తే ముప్పాతిక మందికి నాయకత్వ వరం తేలింది. ఎవరి వెనక ఎవరు నడవాలో తేలలేదు. వాగ్నర్ జాబితాలో స్వచ్ఛంద పేదరికం కూడా ఒక వరమే. దాన్ని ఎవరూ కోరుకోలేదు గనక సంఘ కమిటీయే కాపలాదారుడికి దయచేసింది. ఆయన జీతం చూస్తే తెలుస్తుంది.

ఇచ్చే వరం గలవాళ్లకైతే లోటు లేదు. గుడిలో ప్రతి ఫ్యాను రెక్క మీదా ఎర్ర రంగుతో దాత పేరు, తండ్రి పేరు, ఊరు ఉంటాయి. ఫ్యాను తిరిగినంతసేపూ ఏదీ చదవలేం. కరెంటు పోయి జనం చెమటలు కక్కుతున్నప్పుడు మాత్రం దాతృత్వం స్పష్టంగా కనబడుతుంది.

యొప్పేలో తబితా చనిపోతే విధవరాండ్రు పేతురుకు ఆమె సాక్ష్యాల వీడియో చూపించలేదు. ఆమె కుట్టిన అంగీలు చేతబట్టుకుని ఏడ్చారు. మనకూ తబితాలున్నారు. ప్రేమవిందు అయ్యాక హాల్లో ఆత్మానందం పొర్లుతుంటే, వాళ్లు వెనక కుళాయి దగ్గర చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని బిర్యానీ డేగిసాలు తోముతుంటారు. వాళ్లది వరమని ఎవరూ ప్రకటించరు. "అక్కా, టీ గ్లాసులు కూడా ఉన్నాయి" అని మాత్రం ప్రకటిస్తారు.

అన్నింటికన్నా అనాథ వరం ఒకటుంది, ఆత్మల వివేచన. ప్రవక్తలు మాట్లాడితే మిగతావాళ్లు పరీక్షించాలని పౌలే రాశాడు. ఆ మాట పట్టుకుని మా సంఘంలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు, గత ఏడాది ప్రవచనాల్లో ఎన్ని నెరవేరాయి, కూటాల కానుకల లెక్క ఎక్కడుంది అని నిలబడి అడిగారు. ఆయనకు అవిశ్వాసపు ఆత్మ పట్టిందని అక్కడికక్కడే బయలుపడింది. విడుదల కోసం ఈ శుక్రవారం ఉపవాస ప్రార్థన. కానుకల పెట్టె గుమ్మం దగ్గరే ఉంటుంది.