ఎలుకలకు ఖాళీల్లేవు

కామారెడ్డికి దేనికి కొరత చెప్పండి? 2023 ఎన్నికల్లో గద్దె మీదున్న ముఖ్యమంత్రి కేసీఆర్, గద్దె ఎక్కబోతున్న రేవంత్ రెడ్డి, ఇద్దరూ కోరికోరి ఇక్కడే నిలబడ్డారు. ఆ ఇద్దరినీ ఓడించి సాగనంపిన ఊరిది. అలాంటి ఊళ్లో దవాఖానకు సిస్టర్లు చాలడం లేదంటే నమ్మేదెవరు?

ఆ ఎన్నికలకు రెండు నెలల ముందే, సెప్టెంబరు 15న, కేసీఆర్ హైదరాబాద్‌లో కూర్చుని ఒకేసారి తొమ్మిది మెడికల్ కాలేజీలు ప్రారంభించారు. అందులో కామారెడ్డి ఒకటి. మీట నొక్కితే కాలేజీ వస్తుంది. సిస్టర్ రాదు. ఆమె మూడేళ్లో నాలుగేళ్లో చదవాలి, నోటిఫికేషన్ కోసం కళ్లు కాయలు కాచేలా చూడాలి, పరీక్ష రాయాలి, జోను తేలాలి, కోర్టులో ఎవరూ కేసు వేయకుండా ఉండాలి. ఇదంతా దేనికని ఆ ఏడాదే ప్రభుత్వం దగ్గరి దారి కనిపెట్టింది. స్టాఫ్ నర్సులను నర్సింగ్ ఆఫీసర్లు చేసింది. రాత్రి వార్డులో ఒక్కతే ఉన్నా, ఉన్నది ఆఫీసరు కదా!

భర్తీ జరగలేదని ఎవరన్నారు? 2022 డిసెంబరులో నోటిఫికేషన్, 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మందికి నియామక పత్రాలు. ఏ లేబర్ రూములోనూ చూడని పదమూడు నెలల కాన్పు. తీరా బిడ్డ పుట్టాక, నాదంటే నాదని ఇద్దరు తండ్రులు, పాత సర్కారూ కొత్త సర్కారూ.

ఆ చప్పట్లు ఇంకా చెవుల్లో ఉండగానే, ఫిబ్రవరిలో, కామారెడ్డి ప్రభుత్వ ఆసుపత్రి ఐసీయూలో రోగిని ఎలుకలు కొరికాయి. సర్కారు ఆగ్రహించింది. ఇద్దరు డాక్టర్లను, ఒక నర్సింగ్ ఆఫీసర్‌ను సస్పెండ్ చేసింది. వైద్యంలో ఇదో కొత్త చికిత్స. గోడకు కన్నం పడితే మేస్త్రీని పిలవరు, చెత్త పేరుకుంటే కాంట్రాక్టరును అడగరు, మందు వేసే మనిషినే తీసేస్తారు. ఎలుకల సంగతి వేరు. వాటికి నోటిఫికేషన్ అక్కర్లేదు, జోను అడ్డం రాదు, డిప్యుటేషన్ మీద హైదరాబాద్ వెళ్లవు. నైట్ డ్యూటీకి ఎన్నడూ డుమ్మా కొట్టవు. సర్కారు దవాఖానలో ఒక్క ఖాళీ కూడా లేని కేడర్ అదొక్కటే.

భారత నర్సింగ్ కౌన్సిల్ వారి లెక్క ఒకటుంది. బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకో నర్సు. మూడు షిఫ్టులకు పంచితే తొమ్మిది మందికి ఒకరు. సెలవులకూ జ్వరాలకూ మరో 30 శాతం అదనం. ఈ 30 శాతం అన్న మాట నాకు భలే నచ్చింది. నర్సుకు కూడా జ్వరం రావచ్చని కాగితం మీద ఒప్పుకున్న మహానుభావుడెవరో గానీ, ఆయన ఏ సర్కారు వార్డులోనూ రాత్రి పడుకోలేదు.

కృతజ్ఞత లేదని మాత్రం అనకండి. 2020 మే 3న గాంధీ ఆసుపత్రి మీద వైమానిక దళం హెలికాప్టర్ పూలు చల్లింది. 2021 జూలైలో, కరోనా కోసం తీసుకున్న 1,640 మంది ఔట్‌సోర్సింగ్ నర్సులను ఇక రావద్దన్నారు. రోడ్డెక్కి ధర్నా చేశారు పాపం. పూలు పైనుంచి పడ్డాయి, జీతాలు కూడా పైనుంచే పడతాయనుకున్నారు కాబోలు.

ప్రైవేటు సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. 2016లో సుప్రీంకోర్టు చెబితే కేంద్రం వేసిన కమిటీ, యాభై మంచాల లోపు ఆసుపత్రిలోనైనా నర్సు జీతం రూ.20,000కు తగ్గొద్దంది. ఆ సిఫారసు పదేళ్లుగా ఐసీయూలో ఉంది. దానికి నర్సు లేదు.

ఇక మన పిల్లలు ఏం చేస్తారు? కామారెడ్డి మగపిల్లలకు దుబాయ్ దారి ఎప్పట్నించో తెలుసు. ఆడపిల్లలకు ఇప్పుడు సర్కారే దారి చూపిస్తోంది. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ భాష నేర్పి మరీ జర్మనీకి పంపుతోంది. ప్రపంచానికి ఇంకా 58 లక్షల మంది నర్సులు తక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో లెక్క తేల్చింది. ఆ లోటు పూడ్చే బరువు తెలంగాణ తన భుజాన వేసుకుంది. వెళ్లే పిల్లను తప్పు పట్టను, హాయిగా వెళ్లమనే అంటాను. ఇక్కడి రోగే జర్మన్ నేర్చుకుంటే సరిపోతుంది.

ఇదే జిల్లాలోని ఎల్లారెడ్డి రోగికైతే వేరే భాష అవసరం లేదు, ఒక్క మాట వస్తే చాలు: ‘రెఫర్’. ఎల్లారెడ్డి నుంచి లింగంపేట మీదుగా కామారెడ్డికి, అక్కణ్నుంచి నిజామాబాద్‌కో, హైదరాబాద్ గాంధీకో. చీటీ రాయడానికి ఒక పెన్ను చాలు. రోగిని రాత్రంతా కనిపెట్టి ఉండాలంటే మనుషులు కావాలి. కనుక పెన్నే గెలుస్తుంది. 2025 ఆగస్టు వానలకు ఈ ప్రాంతపు రోడ్లు కొట్టుకుపోయినప్పుడు ఆ పెన్ను కూడా చేతులెత్తేసింది.

ఇంతకీ ఈ ప్రభుత్వాలకు తోచని ఉపాయం మన వార్డుల్లోనే ఉంది. ప్రతి మంచం పక్కన ఒక స్టూలు, స్టూలు మీద ఒక తల్లో కోడలో. ‘సెలైన్ అయిపోతే చెప్పమ్మా’ అంటుంది సిస్టర్, అవతలి వార్డుకు పరుగెడుతూ. ఆ తల్లి తెల్లవార్లూ బాటిల్ వంక చూస్తుంది. మూత్రం సంచి ఒంపుతుంది, ఒళ్లు తుడుస్తుంది, స్ట్రెచర్ తోస్తుంది. మూడు షిఫ్టులూ ఆమే. జీతం అడగదు, ధర్నా చేయదు, జర్మనీ వెళ్లదు. ఈమెను లెక్కలో చూపిస్తే మంచానికో మనిషి. ఎల్లారెడ్డి ఒక్క రాత్రిలో నర్సింగ్ కౌన్సిల్‌నే దాటిపోతుంది. ఒక జీవో ఇచ్చి, ‘సహాయ నర్సింగ్ ఆఫీసర్’ అని మెడలో కార్డు వేస్తే సరి. రేపు మళ్లీ ఎలుక కొరికితే, సస్పెండ్ చేయడానికి మనిషి దొరకడన్న బెంగ కూడా ఉండదు.