‘ఇంటర్లోనే అయిపోయింది’: సవ్యాఖ్యానం

మూలం: “గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్సా? ఇప్పుడా? మాకు ఇంటర్లోనే అయిపోయిందండీ!”

అవతారిక: బెజవాడ పుస్తక మహోత్సవంలో ఆ నవల పూర్తి ప్రతిని చంకన పెట్టుకుని వస్తున్న నడివయసు పాఠకుడికి ఒక పెద్దమనిషి అనుగ్రహించిన వాక్యం. ఏటా జనవరిలో వినబడుతుంది గనుక ఆర్షమే అనుకోవాలి.

టీక: ‘మాకు’ పూజార్థక బహువచనం, పూజ ఎవరికో స్పష్టమే. తక్కినవి సులభాలు, వదిలేశాం. ‘అయిపోయింది’కి కర్త నవల కాదు. 59 అధ్యాయాల కథ నాన్‌డీటైల్డ్‌గా చిక్కి, ఏలూరు రోడ్డులో కొన్న గైడులో మరీ సన్నబడి, పరీక్షలో ఒక వ్యాసంగా మిగిలింది. అయిపోయింది ఆ వ్యాసం. మార్కులొచ్చాయి గనుక చదివే ఉంటాడని తార్కికులు అనుమానం చేయబోతే, గైడు అనే ఉపాధి అడ్డుపడి హేతువు చెడుతుంది.

ఇక్కడ మల్లినాథసూరిని తలచుకోవాలి. మెదకు సీమ కొలిచాలవాడు, మనవాడు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ప్రతిజ్ఞ పట్టి కాళిదాసు మూడు కావ్యాలకు సంజీవని రాశాడు. దుర్వ్యాఖ్యల విషానికి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందని, దాన్ని తేర్చడానికే పూనుకున్నానని చెప్పుకున్నాడు. అంతటివాడూ శ్లోకాన్ని పక్కకు నెట్టి ఆ చోట తాను కూర్చోలేదు. పదం వెంట పదంగా, మూలం చెయ్యి వదలకుండా నడిచాడు. గైడు ముందు చేసే పని ఆ చెయ్యి విడిపించడం. ‘జో పాత్ర స్వభావం’ అందులో పాయింట్లుగా దొరుకుతుంది. పెంచిన పిల్లాడు పిప్‌ను చూడటానికి లండన్ వచ్చిన ఆ కమ్మరి, టోపీ ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ మళ్ళీ కింద పడేసుకోవడం, దొరబాబైన పిప్ అది చూసి విసుక్కోవడం ఏ పాయింటులోకీ ఎక్కవు. పది మార్కులు మాత్రం ఎక్కుతాయి.

వాక్యశేషం: “చివరికి పిప్‌కి డబ్బు పంపింది ఫలానావాడేగా!”

దీనికి టీక లేదు, కోపమే ఉంది. 1860 డిసెంబరు నుంచి వారం వారం సీరియల్‌గా వేస్తూ డికెన్స్ 39వ అధ్యాయం దాకా బిగపట్టిన రహస్యమది. ఆనాటి పాఠకులు నెలల తరబడి కాచుకున్నారు. నా ప్రతికి ఇంకా బిల్లయినా వేయలేదు.

తాత్పర్యం: తమకు ఎప్పుడో అయిపోయి ఉండవచ్చు, సంతోషం. ఎవరైనా ఇప్పుడే మొదలుపెడుతుంటే, అయ్యా, డబ్బు పంపిందెవరో మాత్రం చెప్పకండి.